మేయో సీమ - నేల, మనిషి, మాట

బెంగుళూరులో స్థిరపడిన మనవారికి మేయో హాలు తెలియనిది కాదు. రాజస్థానంలో అజ్మీరు పట్టణాన మేయో కళాశాల ఉన్నది. ఢిల్లీ వెళ్లి వచ్చినవారు కన్నాట్ ప్లేసు చూసే ఉంటారు. ఈ పేర్లన్నీ ఐర్లండు దేశపు పడమటి అంచున ఉన్న ఒక బీదసీమకు చెందినవని మాత్రం మనలో చాలామందికి తెలియదు. మేయో అనేది ఒక జిల్లా పేరు. ఆ జిల్లా ఏ మండలంలో చేరి ఉన్నదో ఆ మండలం పేరు కన్నాట్. 1869 నుంచి 1872 వరకు భారతదేశానికి వైస్రాయిగా ఉండి, అండమానులో ఒక ఖైదీ కత్తిపోటుకు ప్రాణం విడిచిన మేయో ప్రభువు ఆ జిల్లా పేరిట బిరుదు వహించిన వంశంవాడు. ప్రభువుకు బిరుదు దక్కినది. హాలుకు, కళాశాలకు ప్రభువు పేరు దక్కినది. కాని ఆ బిరుదుకు మూలమైన నేలను దున్నినవారి సంగతి ఈ కట్టడాలు చెప్పవు.

ఆ సంగతి చెప్పుకోవటానికే ఈ వ్యాసం. తన నేల తనది కానందువల్ల మేయో మనిషి ఊరు విడిచినాడు. ఊరు విడవక తప్పదని తెలిసి, తన మాటను అంతకుముందే విడిచినాడు. పోరాడి నేలను తిరిగి సంపాదించుకున్న కథ మేయోది. మాటను అంత సులభంగా తిరిగి సంపాదించుకోలేకపోయిన కథ కూడ మేయోదే. తాతల ముత్తాతల నాడే తెలుగునేల దాటి వచ్చి, కన్నడ, తమిళ, ఒరియా, మరాఠీ సీమలలో కాపురాలు నిలుపుకున్న కుటుంబాలవారు ఆలోచించి చదువుకోదగిన చరిత్ర ఇది.

సీమ స్వరూపం

ఐర్లండులో కౌంటీ అంటే మన జిల్లా వంటిది. అక్కడి కౌంటీలలో వైశాల్యంలో మూడవది మేయో. సుమారు 2,150 చదరపు మైళ్లు ఉంటుంది. ఐరిషు భాషలో ఆ పేరుకు ‘యూ చెట్ల మైదానం’ అని అర్థం. యూ అనేది చలిదేశాలలో పెరిగే ఒక సతతహరిత వృక్షం. పడమరా ఉత్తరమూ అట్లాంటిక్ మహాసముద్రం. ఆ సముద్రం నేలను కొరికి కొరికి, అఖాతాలుగా, అగ్రాలుగా, దీవులుగా చీల్చివేసినది. అందువల్ల తీరరేఖ మెలికలు తిరిగి, కొలిచి చూస్తే వెయ్యి కిలోమీటర్లకు మించి పొడవున్నది.

జిల్లా తూర్పు సగం ఒక తీరు, పడమటి సగం ఇంకొక తీరు. తూర్పున సున్నపురాతి మైదానం. మంచి పచ్చిక, గొడ్లు, కొంత సేద్యం. మధ్యగా కాన్, మాస్క్, కారా అనే సరస్సులు. పడమటకు పోయినకొద్దీ నేల సారం తగ్గి, కొండలూ బురదనేలలూ మొదలవుతాయి. దక్షిణపు హద్దున సముద్రం సన్నని పాయగా కొండల మధ్య చొచ్చుకొని వచ్చిన కిలరీ రేవు ఉన్నది. దాని ఒడ్డునే కన్నాట్ మండలమంతటిలోకీ ఎత్తయిన మ్వీల్‌రే కొండ, సుమారు 2,670 అడుగులు, నిలిచి ఉన్నది. దానికి ఉత్తరంగా క్లూ అఖాతం. అందులో ఏడాదికెన్ని రోజులో అన్ని దీవులున్నాయని స్థానికులు చెప్పుకుంటారు. నిజానికి అవి పూర్వం మంచునదులు పోగుచేసిన మట్టిదిబ్బలు. సముద్రమట్టం పెరిగి కింది నేల మునిగిపోగా, దిబ్బల తలలు మాత్రం దీవులై మిగిలాయి.

ఆ అఖాతం ఒడ్డున గోపురంవలె లేచిన కొండ క్రో పాట్రిక్. ఎత్తు సుమారు 2,500 అడుగులు. ఐర్లండుకు క్రైస్తవమతాన్ని తెచ్చిన పాట్రిక్ మహాత్ముడు ఐదవ శతాబ్దంలో ఈ శిఖరంమీద నలభై రోజులు ఉపవసించాడని ఐతిహ్యం. ఏటా జూలైనెల చివరి ఆదివారంనాడు వేలమంది యాత్రికులు కొండ ఎక్కుతారు. జారిపోయే రాళ్ల బాట అది. అయినా కొందరు చెప్పులు లేకుండా ఎక్కటం వ్రతంగా పెట్టుకుంటారు. కాలినడకను తిరుమల కొండ ఎక్కిన మనవారికి ఇందులో వింత కనబడదు. క్రైస్తవానికి పూర్వమే కోతల కాలంలో జనం ఆ కొండను కొలిచేవారని పండితుల అభిప్రాయం.

ఇక వాన సంగతి. వాయవ్యపు కొస అయిన ఎరిస్ సీమలో ఏడాదిలో సగానికి మించిన రోజులు వాన పడుతూనే ఉంటుంది. నీరు ఇంకిపోయే దారి లేదు. చచ్చిన గడ్డీ నాచూ ఆ నీటిలో పూర్తిగా కుళ్లక, వేల సంవత్సరాలుగా పొరమీద పొర పేరుకుని, నల్లని మెత్తని పదార్థంగా మారుతుంది. దానిని పీటు అంటారు. దానిని ఇటుకలవలె కోసి, ఎండబెట్టి, మనం పిడకలు పేర్చినట్లు పేర్చి, పొయ్యిలో కాలుస్తారు. చెట్లు తక్కువైన ఆ సీమలో తరతరాలుగా చలి కాచినదీ వంట వండినదీ ఆ మట్టే.

మట్టి దాచిన పొలాలు

ఆ పీటు వంట చెరకుగా మాత్రమే కాక, చరిత్రగా కూడ పనికివచ్చినది. ఉత్తరపు తీరాన బాలికాసిల్ అనే ఊరి దగ్గర 1930 ప్రాంతాలలో పాట్రిక్ కాఫీల్డ్ అనే బడిపంతులు పీటు కోస్తూండగా, అడుగున రాళ్లు కుప్పలుగా తగిలినవి. అవి తమంతట తాము పడిన రాళ్లు కావనీ, మనిషి చేతితో పేర్చినవనీ, వాటిమీద అంత మట్టి పేరుకున్నదంటే అవి ఎంతో పురాతనమైనవై ఉండాలనీ ఆయన ఊహించాడు. ఆయన కుమారుడు షేమస్ పెరిగి పురావస్తు శాస్త్రజ్ఞుడై, 1970 తరువాత ఆ ఊహను పరీక్షించాడు. నేలను తవ్వి పాడుచేయకుండా, పొడవాటి ఇనుపచువ్వలను మట్టిలోకి గుచ్చుతూ, రాయి తగిలిన చోటల్లా గుర్తు పెడుతూ పోగా, మైళ్లకొద్దీ గోడలు బయటపడ్డాయి. వరుసగా, సమంగా హద్దులు కట్టిన పొలాలు! అయిదువేల సంవత్సరాలకు పైబడినవి. వాటిని కేజె పొలాలంటారు. ఈజిప్టులో పిరమిడ్లు లేవకముందే ఈ మారుమూల రైతులు గట్లు కట్టుకుని పశువులను మేపుకున్నారన్నమాట.

ఈ గోడలలో ఒక విశేషమున్నది. కోటలు లేవు, కందకాలు లేవు. పొలాలు మాత్రం ఒక్కరి సొత్తుగా కాక, ఊరంతా కలిసి గీసుకున్న గీతలవలె ఉన్నాయి. తరువాత కాలంలో ఈ నేలకు పట్టిన గతిని తలచుకుంటే, ఆ గోడలను చూచినప్పుడు మనస్సు బరువెక్కుతుంది.

రాణులు, దండయాత్రలు

మధ్యయుగపు కథ క్లుప్తంగా చెప్పుకుందాం. క్లూ అఖాతాన్ని పదహారవ శతాబ్దంలో ఏలినది ఒక స్త్రీ. ఆమె పేరు గ్రాన్య. ఇంగ్లీషువారు గ్రేస్ ఓమాలీ అన్నారు. ఓడలు నడిపినది, సుంకాలు వసూలు చేసినది, అవసరమైతే దోపిడీ కూడ చేసినది. అఖాతం వాకిట నిలిచిన క్లేర్ దీవి ఆమె స్థావరం. తన కొడుకును, సోదరుని ఇంగ్లీషు అధికారి చెరపట్టగా, ఆమె 1593లో లండను దాకా ఓడలో పోయి, గ్రీనిచ్ రాజభవనంలో ఎలిజబెత్తు రాణిని ముఖాముఖి కలుసుకున్నది. ఇద్దరూ ఆరుపదులకు చేరిన వృద్ధవనితలే. ఒకరి భాష ఒకరికి రాక లాటిన్‌లో మాట్లాడుకున్నారని చెప్పుకుంటారు.

పదిహేడవ శతాబ్దం మధ్యలో క్రామ్‌వెల్ సైన్యాలు ఐర్లండును గెలిచిన పిదప, తూర్పుసీమలలోని కాథలిక్కు భూస్వాముల సారవంతమైన నేలలు లాక్కుని, వారిని షానన్ నదికి పడమరనున్న కన్నాట్‌కు పొమ్మన్నారు. అంటే మేయో వంటి జిల్లా అప్పటికే శిక్షాస్థలంగా లెక్కకు వచ్చినదన్నమాట.

1798 ఆగస్టులో మరొక ఘట్టం. ఫ్రెంచి సేనాని హంబర్ట్ సుమారు వెయ్యిమంది సిపాయిలతో కిలాలా దగ్గర దిగాడు. స్థానిక రైతులు ఈటెలూ కొడవళ్లూ పట్టుకుని అతనిలో చేరారు. ఆగస్టు 27న జిల్లా ముఖ్యపట్టణమైన కాసిల్‌బార్‌లో ప్రభుత్వసేనను వారు ఎంత వేగంగా తరిమారంటే, ఆ యుద్ధాన్ని జనం ఈనాటికీ ‘కాసిల్‌బార్ పరుగుపందెం’ అని వేళాకోళంగా అంటారు. కన్నాట్ రిపబ్లిక్కును ప్రకటించి, జాన్ మూర్ అనే యువకుని అధ్యక్షుని చేశారు. నెల తిరగకుండానే అంతా ముగిసినది. ఫ్రెంచివారిని యుద్ధఖైదీలుగా మర్యాదగా చూశారు. వారిని నమ్మి వెంట నడిచిన రైతులను మాత్రం చంపివేశారు.

దుంప కుళ్లిన ఏడు

పందొమ్మిదవ శతాబ్దం మొదటి భాగానికి మేయోలో నేలంతా కొద్దిమంది భూస్వాములది. రైతు కేవలం కౌలుదారు. కౌలు కట్టలేకపోతే, కట్టినా భూస్వామికి మనసు మారితే, వెళ్లిపోవలసిందే. ఇల్లు తాను కట్టుకున్నదే అయినా సరే. నేల బాగుచేస్తే కౌలు పెరిగేది గనుక బాగుచేయటం కూడ తెలివితక్కువే. ఓట్సు పండించి, పందిని పెంచి, వాటిని అమ్మి కౌలు కట్టేవారు. తాము తినటానికి మిగిలినది బంగాళాదుంప. రాళ్లనేలలో, కొండవాలులో, కొద్ది జాగాలో ఒక కుటుంబానికి సరిపడా పండేది మరొకటి లేదు. సముద్రపు నాచు మోసుకొచ్చి ఎరువు వేసి, బోదెలు తీసి నాటేవారు. 1841 జనాభా లెక్కలనాటికి ఆ జిల్లాలో సుమారు 3,89,000 మంది ఉన్నారు. బతుకంతా ఒక్క దుంపమీద ఆధారపడినది.

1845లో ఆ దుంపకు తెగులు సోకినది. 1846లో పంట పూర్తిగా పోయినది. పచ్చగా ఉన్న చేను రోజుల వ్యవధిలో నల్లబడి, తవ్విచూస్తే కంపుకొట్టే ముద్ద. కరువు వచ్చిన వార్త విని కలకత్తాలో 1846లోనే ఒక సహాయనిధి ప్రారంభించి డబ్బు పంపారు. కాని ఐర్లండు నుంచి ఓట్సూ గొడ్లూ ఓడలకెక్కి ఎగుమతి అవుతూనే ఉన్నాయి. 1847లో చేసిన చట్టంలో ఒక షరతు పెట్టారు: పావు ఎకరానికి మించి నేల ఉన్నవానికి సర్కారు సాయం లేదు. అంటే ఈ పూట తిండికోసం నేల వదులుకోవాలి. నేల వదిలితే రేపటికి తిండి లేదు. భూస్వాములు కొందరు ఇదే అదనుగా ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేయించి, ఇండ్ల కప్పులు పీకించి, గొర్రెల మేతకు బయలు చేశారు.

1849 మార్చి నెలాఖరున జరిగిన ఒక్క సంఘటన చెబితే చాలు. లూయీస్‌బర్గ్ అనే ఊళ్లో వందలమంది ఆకలిజనం, తాము సాయానికి అర్హులమా కాదా అని పరీక్షించే అధికారులకోసం కాచుకుని ఉన్నారు. అధికారులు వారిని మరునాటి ఉదయం డెల్ఫీ అనే చోట ఉన్న వేటబంగళాకు రమ్మన్నారు. దూరం పన్నెండు మైళ్లు, కొండదారి, చలిగాలి. నడిచి వెళ్లినవారికి ఏమీ దొరకలేదు. తిరుగుదారిలో డూలాఖ్ సరస్సు పక్కన పలువురు పడి చనిపోయారు. ఈనాడు ఆ దారిలో ఒక రాతి శిలువ నిలిపి ఉన్నది. దానిమీద చెక్కిన మాటలు మన గాంధీజీవి: తోటి మనిషిని అవమానించటంలో మనిషికి ఏమి గౌరవమున్నదన్న ప్రశ్న. పేరులేని ఐరిషు రైతుల సమాధికి భారతీయుని మాట శాసనమయినది.

1851లో లెక్క చూసేసరికి మేయోలో మిగిలినది సుమారు 2,74,000 మంది. పదేండ్లలో నూటికి సుమారు ముప్పైమంది చచ్చారో, ఓడ ఎక్కారో. ఇప్పటికీ సాయంత్రపు ఏటవాలు ఎండలో ఆ కొండవాలులు చూస్తే, పచ్చిక కింద బోదెల చారలు బారులు తీరి కనిపిస్తాయి. నాటినవారు లేరు, బోదెలు ఉన్నాయి.

ఒక మాట పుట్టుక

1846 మార్చి 25న, ఆ కరువు నడుమనే, స్ట్రేడ్ అనే పల్లెలో మైకేల్ డేవిట్ పుట్టాడు. నాలుగేండ్ల వయసులో తల్లిదండ్రులతోపాటు ఇంటినుంచి వెళ్లగొట్టబడ్డాడు. ఇంగ్లండులోని లాంకషైరు చేరి, పిల్లవాడుగానే నూలుమిల్లులో పనికి కుదిరాడు. పదకొండవ ఏట యంత్రంలో పడి కుడిచేయి పోయినది. పెరిగి విప్లవసంఘంలో చేరి, 1870లో కఠినశిక్షపడి, ఏడేండ్లు జైలులో ఉన్నాడు. బయటకు వచ్చేసరికి ఆయనకొక నిశ్చయం కలిగినది: నేల సమస్య తీరకుండా దేశానికి విముక్తి లేదు, దానిని తీర్చవలసినది తుపాకి కాదు, జనుల ఐకమత్యం.

1879లో మళ్లీ పంటలు చెడిపోయి, కరువు నీడ కనబడినది. ఏప్రిల్ 20న మేయోలోని ఐరిష్‌టౌన్‌లో వేలమంది రైతులు సభచేసి కౌలు తగ్గించాలన్నారు, తగ్గించారు. ఆగస్టులో కాసిల్‌బార్‌లో మేయో భూసమితి, అక్టోబరులో డబ్లినులో జాతీయ భూసమితి ఏర్పడినవి. జాతీయసమితికి పార్నెల్ అధ్యక్షుడు, డేవిట్ ఊపిరి.

మరుసటి ఏడు, 1880లో, ప్రపంచమంతా చెప్పుకున్న ఘట్టం. మాస్క్ సరస్సు ఒడ్డున ఒక ప్రభువు ఎస్టేటుకు ఏజెంటు కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్. పంటలు పోయినవి గనుక కౌలులో నాలుగోవంతు తగ్గించమని రైతులు అడిగారు. పదోవంతుకు మించి తగ్గించమన్నారు పైవారు. ఏజెంటు బేదఖలు కాగితాలు పంపించాడు. అంతట రైతులు ఆయనమీద చేయి ఎత్తలేదు. ఆయనతో సంబంధం మానుకున్నారు. కూలీలు పొలం దిగి పోయారు. పనివాళ్లు వంటింట్లోంచి పోయారు. కమ్మరి గుర్రానికి లాడం వేయడు. చాకలి బట్ట ఉతకదు. అంగడివాడు సరుకు అమ్మడు. టపా తెచ్చే కుర్రవాడు కూడ మానుకున్నాడు. పక్వానికి వచ్చిన పంట చేలో నిలిచినది.

కెప్టెన్ లండను పత్రికకు మొర పెట్టుకున్నాడు. ఉత్తరపు జిల్లాలనుంచి యాభైమంది కోతగాళ్లు వచ్చారు. వారికి కాపలా సుమారు వెయ్యిమంది సిపాయిలు. రెండువారాలు వానలో పంట తీశారు. సుమారు అయిదువందల పౌన్ల పంటకు పదివేల పౌన్లు ఖర్చని అంచనా. ఒక్కొక్క టర్నిప్పు దుంపకు సర్కారుకు ఒక షిల్లింగు పడినదని పార్నెల్ ఎగతాళి చేశాడు. కెప్టెన్ ఇల్లు విడిచి ఇంగ్లండు వెళ్లిపోయాడు. ఈ పద్ధతికి ఏమి పేరు పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు, ఇంగ్లీషులో ఉన్న పెద్దమాట రైతుల నోరు తిరగదని, ఆ ఊరి పాదరీ ఓమాలీగారు ఏజెంటు పేరునే క్రియగా వాడమన్నారు. అలా పుట్టినది ‘బాయ్‌కాట్’ అన్న మాట.

ఆ మాట పాతికేండ్లలో మన దేశం చేరినది. 1905లో వంగవిభజన సమయంలో విదేశీవస్తువులను బాయ్‌కాట్ చేయమన్నారు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమహేంద్రవరం, బెజవాడ, బందరు పట్టణాలలో ఉపన్యసించినప్పుడు తెలుగు యువకులు అందుకున్నదీ ఆ మాటే. సర్కారు జిల్లాలలో వందేమాతరం చరిత్ర చదివేవారికి మేయో రైతుల పొలం అంత దూరమేమీ కాదు. 1894లో చెన్నపట్నంలో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించినవాడు కూడ ఐరిషు జాతీయవాది ఆల్ఫ్రెడ్ వెబ్.

ఇంకొక సంబంధం మన ప్రవాసులదే. ఒరిస్సా గంజాం సీమలోని బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టిన వరాహగిరి వెంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రం చదవటానికి డబ్లిను వెళ్లారు. 1916 ఈస్టరు తిరుగుబాటులో మేయోవాడైన జాన్ మెక్‌బ్రైడ్‌ను సర్కారు కాల్చి చంపినది. ఆ తిరుగుబాటు అనంతరమే గిరిగారిని ఐర్లండు విడిచి పొమ్మన్నారు. తిరిగి వచ్చి కార్మికోద్యమంలో దిగి, 1969లో రాష్ట్రపతి అయినారు.

భూపోరాటం ఫలించినది. 1881లో న్యాయమైన కౌలు చట్టం, 1903లో రైతులు నేల కొనుక్కునే చట్టం వచ్చాయి. ఒక్క తరంలో కౌలుదారు సొంతదారు అయినాడు. డేవిట్ 1906లో మరణించగా, ఆయనను ఏ పల్లెనుంచి వెళ్లగొట్టారో ఆ స్ట్రేడ్‌లోనే సమాధి చేశారు.

మొదటి రైలు, చివరి రైలు

అయితే నేల చేతికి వచ్చినా వలస ఆగలేదు. వచ్చిన నేల చిన్న ముక్క. అందులో సగం పీటు. ఒక్క కొడుకుకే చాలదు. మిగిలినవారు అమెరికాకో, ఇంగ్లండుకో. పోయి రానివారు కొందరు. ఏటేటా పోయి వచ్చేవారు మరికొందరు. ఆకిల్ దీవిలో ఎండకాలం రాగానే యువతీయువకులు గుంపులుగా స్కాట్లండుకు దుంపలు తవ్వటానికి పోయేవారు. కోతలకు, నారుమడులకు ముఠాలుగా కదిలే మన కూలిజనపు బ్రతుకు వంటిదే అది.

ఆకిల్ సీమలో ఒక జోస్యం ఉన్నది. మన వీరబ్రహ్మంగారి కాలంలోనే, అంటే పదిహేడవ శతాబ్దంలో, ఎరిస్‌లో బ్రియాన్ రూవ అనే కాలజ్ఞాని ఉండేవాడట. ఇనుపచక్రాలమీద నిప్పు కక్కే బండ్లు ఆకిల్‌కు వస్తాయనీ, మొదటి బండీ చివరి బండీ శవాలను మోస్తాయనీ ఆయన చెప్పాడని జనం చెప్పుకుంటారు. 1894 జూన్ 14న స్కాట్లండు ఓడ అందుకోవటానికి ఆకిల్‌నుంచి పడవలో బయలుదేరిన కూలీలు, వెస్ట్‌పోర్టు దగ్గర పడవ తిరగబడి ముప్పైరెండుమంది మునిగిపోయారు. ఆకిల్ రైలుమార్గం అప్పటికింకా లాంఛనంగా తెరవలేదు. ఆ శవాలను తీసుకుపోవటమే ఆ పట్టాలమీద మొదటి ప్రయాణమయినది. 1937 సెప్టెంబరులో స్కాట్లండులోని కర్కిన్‌టిలాక్‌లో కూలీలు పడుకున్న కొట్టాం తగలబడి, ఆకిల్‌కు చెందిన పదిమంది కుర్రవాళ్లు మరణించారు. నష్టాలవల్ల రైలుమార్గాన్ని ఆ నెలాఖరుతో మూసివేస్తున్నారు. చివరి రోజులలో నడిచిన ఆ రైలు పది శవపేటికలతో ఊరు చేరినది.

జోస్యం నిజమో, తరువాత అల్లుకున్నదో, ఆ వాదు మనకక్కరలేదు. రైలు ఎందుకోసం వేశారో, అది ఎవరిని మోసిందో చూస్తే చాలు. సీమను బాగుచేయాలని వేసిన మార్గం మనుషులను బయటకు మోసుకుపోయినది. ఈనాడు ఆ పట్టాలు లేవు. ఆ కట్టమీదనే వెస్ట్‌పోర్టు నుంచి ఆకిల్ దాకా నలభై కిలోమీటర్లకు పైగా సైకిలు బాట వేశారు. యాత్రికులు ఆ బాటన పోయి, స్లీవ్‌మోర్ కొండవాలున కప్పులు లేని రాతి ఇండ్ల వరుస చూసి, ఫొటోలు తీసుకుని వస్తారు. ఒకప్పుడు ఊరై ఉండి పాడుపడిన చోటు అది.

మెడలో కర్ర

ఇక మాట సంగతి. కరువుకు ముందు మేయోలో పేదసాదల భాష ఐరిషు. 1831లో దేశమంతటా ప్రారంభమైన సర్కారు బడులలో చదువు ఇంగ్లీషులో. చాలాచోట్ల పిల్లవాని మెడలో ఒక కర్ర కట్టి, ఐరిషు మాట పలికినప్పుడల్లా దానిమీద ఒక గాటు పెట్టేవారు. సాయంత్రం గాట్లు లెక్కించి దెబ్బలు. ఇందులో పరాయివారి దౌర్జన్యం మాత్రమే ఉన్నదనుకుంటే పొరపాటు. ఇంటి దగ్గర గాటు పెట్టినవారు తల్లిదండ్రులే. వారికి బిడ్డలమీద ప్రేమ లేక కాదు. బిడ్డ రేపు లివర్‌పూల్‌లోనో, న్యూయార్కులోనో దిగవలసినవాడు. అక్కడ ఐరిషు అన్నం పెట్టదు. కడుపులో ఆకలి చూసినవాళ్లు చేసిన లెక్క అది. ఆ లెక్కను తప్పు పట్టటం సులభం కాదు.

మేయోలోనే పుట్టి, ట్యూమ్ నగరానికి ఆర్చిబిషప్పు అయిన జాన్ మెక్‌హేల్ (1791-1881) దీనిని ఎదిరించాడు. సర్కారు బడులను నిరాకరించాడు; ఐరిషులో బోధించాడు; హోమరు కావ్యభాగాలను ఐరిషులోకి అనువదించాడు. ఆయన అనువాదాలు నిలిచాయి. వాటిని చదవగల తరం తరిగిపోయినది. 1922లో స్వరాజ్యం వచ్చి ఐరిషు జాతీయభాష అయినది. నాణెంమీదా, ఊరిపలకమీదా, పరీక్షపత్రంమీదా ఉన్నది. కాని ఎరిస్, ఆకిల్, టూర్‌మకేడీ వంటి ఐరిషు పల్లెలని గుర్తించిన చోట్లలో సైతం ఈనాడు ఇంట్లో రోజూ ఆ భాష మాట్లాడేవారు కొద్దిమందే.

ఇక్కడ మన ప్రవాసులు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటి ఉన్నది. 1930 తరువాత ప్రభుత్వం పడమటి బీదపల్లెల ఐరిషు కుటుంబాలను తూర్పున సారవంతమైన మీత్ జిల్లాకు తరలించి, నేల ఇచ్చి నిలిపినది. 1935లో రాఖార్న్ అనే చోటికి వచ్చినవారంతా ఒక్క సీమవారు, కొనమారావారు. 1937లో గిబ్స్‌టౌన్‌కు వచ్చినవారు మేయో, డొనెగాల్, కెరీ మొదలైన వేర్వేరు జిల్లాలవారు. చుట్టూ ఉన్నది ఇంగ్లీషే. రాఖార్న్‌వారు తమ మాటను బిడ్డలకిచ్చారు. అక్కడ ఐరిషు నేటికీ వినబడుతుంది. గిబ్స్‌టౌన్‌లో ఒకరి యాస ఒకరికి పూర్తిగా పట్టుబడక, పొరుగువారితో మాటకు ఇంగ్లీషే సుళువయినది, ఐరిషు వెనుకబడినది. నేల మంచిదే, ప్రభుత్వం సాయమూ ఒకటే. తేడా వచ్చినది గుమ్మందాటి పొరుగింటికి పోయినప్పుడు ఏ మాట నోట వచ్చినదన్నదానిలో. రాయలసీమ యాసనూ కళింగపు యాసనూ గోదావరి యాసనూ తెచ్చుకుని ఒకే వీధిలో కాపురమున్న మన సంఘాలకు ఈ భేదం అర్థం కాకపోదు. ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకున్నచోట పిల్లలు మూడవ భాషను ఆశ్రయిస్తారు.

ఈనాటి మేయో

మేయో జనాభా 1901లో సుమారు 1,99,000. 1971 నాటికి 1,09,500కు దిగినది. అక్కడనుంచి మెల్లగా పెరిగి 2022లో సుమారు 1,38,000 అయినది. 1841 నాటి లెక్కలో మూడవవంతు పైచిలుకు మాత్రమే! ఆకాశాన్ని మసకచేసే దీపాలు లేక, ఎరిస్ కొండలలో రాత్రిపూట పాలపుంత కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. ఆ చీకటిని కాపాడటానికి 2016లో అంతర్జాతీయ గుర్తింపు కూడ వచ్చినది. ఎంతోమంది పోగా మిగిలిన చీకటి అది.

1986లో నాక్ అనే చిన్న యాత్రాస్థలం దగ్గర, జేమ్స్ హోరన్ అనే పాదరీ పట్టుదలవల్ల విమానాశ్రయం తెరుచుకున్నది. బురదకొండమీద విమానమా అని నవ్వినవారు నవ్వారు. ఇంగ్లండులో స్థిరపడిన మేయోవారు పండుగకూ, చావుకూ, పెండ్లికీ గంటన్నరలో ఇల్లు చేరుతున్నారు.

మేయోలోని బాలినాలో పుట్టిన మేరీ రాబిన్సన్ 1990లో ఐర్లండుకు మొదటి మహిళా అధ్యక్షురాలయినది. ఆమె అధ్యక్షభవనపు వంటింటి కిటికీలో ఒక దీపం పెట్టించినది. ప్రపంచంలో ఏ మూలనున్నా ఐరిషు ప్రవాసికి ఇల్లు మరువలేదని చెప్పే గుర్తు అది. ఇల్లు విడిచినవానికోసం ఇల్లు దీపం పెట్టటం మంచి సంగతే. కాని ఆ దీపం చూసి లోపలికి వచ్చినవానికి గుమ్మంలో పలకరించే మాట అర్థం కావాలి గదా! మేయో తన నేలను నూరేండ్ల పోరాటంతో తిరిగి కొన్నది. దానికి చట్టాలు, పౌన్లు, బాండ్లు సరిపోయాయి. మాటను కొనటానికి అవి సరిపోలేదు. అది రోజూ సాయంత్రం అన్నం పెట్టేటప్పుడు తల్లి నోటా, లెక్క చెప్పేటప్పుడు తండ్రి నోటా, పొరుగింటి అరుగుమీదా ఉచితంగా చేతులు మారవలసిన సొత్తు.

ఏటా ఉగాదికి ఒకచోట చేరి పంచాంగం వింటున్నాం, పచ్చడి పంచుకుంటున్నాం. పంచాంగం చదివే గొంతులో మన పిల్లల గొంతు కూడ కలిసే ఏర్పాటు ఈ కొత్త సంవత్సరంలో ప్రతి ఇంటా జరుగుగాక!